మెమోకీ క్రెడిట్‌కీ మధ్య ఒక వేసవి

పదో తరగతి దాటిన పిల్ల ఏం చేస్తోందని మన వైపు ఎవరినడిగినా "కాలేజీకి పోతోంది" అంటారు. చర్లలో అడిగినా అంతే, పాల్వంచలో అడిగినా అంతే. ఢిల్లీ లెక్కలో మాత్రం ఆ పిల్ల ఇంకా స్కూలు పిల్లే, పదకొండో తరగతి. కాలేజీ అని పేరున్న చోట రెండేళ్లు కూర్చుని, కాలేజీ చదువు తాలూకు ఒక్క క్రెడిట్ కూడా లేకుండా బయటికొచ్చే విచిత్రం మనది. హైస్కూల్లో ఉండగానే డిగ్రీ క్రెడిట్లు సంపాదించే పద్ధతి గురించి ప్రపంచం దశాబ్దాలుగా మాట్లాడుతోంది. మన దేశంలో కూడా జాతీయ విద్యా విధానం వచ్చిన 2020 నుంచి ఆ మాట గట్టిగానే వినబడుతోంది. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే ఈ వ్యవహారం ఎలా కనబడుతుందన్నదే ఇక్కడ చూడదలచుకున్నాను.

మొదట ఆ "కాలేజీ" మాట సంగతి తేలుద్దాం. ఒకప్పుడు ఇంటర్మీడియట్ నిజంగానే యూనివర్సిటీ సొత్తు. 1918లో ఉస్మానియా వచ్చాక వరంగల్లో 1927లో పెట్టిన కళాశాల ఇంటర్మీడియట్ కళాశాలే. తర్వాత కాలంలో పీయూసీ వచ్చింది, అంటే విశ్వవిద్యాలయానికి ముందు చదువు. పేరులో "ముందు" అని ఉన్నా పరీక్ష పెట్టేదీ, పేపర్లు దిద్దేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ యూనివర్సిటీయే. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడ్డాక ఆ చదువు యూనివర్సిటీ చేతిలోంచి జారి బోర్డు చేతికొచ్చింది. కాలేజీ అన్న పేరు, పిల్లల్ని "స్టూడెంట్స్" అనే గౌరవం, యూనిఫాం లేని స్వేచ్ఛ (అదీ ఇప్పుడు లేదనుకోండి) మిగిలాయి. లెక్క మాత్రం స్కూలుదైపోయింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "మావాడు ఆరు ఏపీలు తీసుకున్నాడు" అంటే ఇక్కడి పెద్దవాళ్లు మొదటిసారి తికమకపడతారు. ఆంధ్రప్రదేశ్‌కీ దానికీ సంబంధం లేదు. అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజ్ బోర్డు అనే సంస్థ 1955 నుంచి నడుపుతున్న వ్యవహారం. హైస్కూల్లోనే కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠం చదువుతారు, మే నెలలో పరీక్ష రాస్తారు. 5కి 3 లేదా అంతకంటే ఎక్కువ వస్తే చాలా యూనివర్సిటీలు ఆ సబ్జెక్టుకు క్రెడిట్ ఇస్తాయి. ఒక్కో పరీక్షకు వంద డాలర్లకు అటూ ఇటూ ఫీజు. ఇంకో దారి డ్యూయల్ క్రెడిట్. పరీక్షతో నిమిత్తం లేకుండా, దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ పాఠమే హైస్కూలు పిల్ల చదువుతుంది. ఆ మార్కు హైస్కూలు ఖాతాలోనూ, కాలేజీ ఖాతాలోనూ రెండు చోట్లా పడుతుంది. రాష్ట్రమంతటికీ వర్తించేలా దీనికి తొలి చట్టం మిన్నెసోటాలో 1985లో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో 1990లో రన్నింగ్ స్టార్ట్ మొదలైంది. అందులో కాలేజీ ట్యూషన్ ఫీజు పిల్ల కట్టనక్కర్లేదు. మన తెలుగువాళ్లు గుంపుగా ఉన్న డల్లాస్ ఉత్తరపు శివార్లలో హైస్కూళ్లతో కలిసి కాలిన్ కాలేజీ ఈ పనే చేస్తోంది. పేద పిల్లలకు డ్యూయల్ క్రెడిట్ ఉచితంగా దొరికే ఏర్పాటును టెక్సస్ 2023లో చట్టంలో పెట్టింది.

అక్కడి మన ఇళ్లలో ఈ క్రెడిట్ల లెక్క ఎలా నడుస్తుందో తెలిసిందే. ఒక సెమిస్టర్ తగ్గితే ఎన్ని వేల డాలర్లు మిగులుతాయి, రెండు మేజర్లు చేయొచ్చా, మంచి యూనివర్సిటీ దరఖాస్తులో ఎలా కనబడుతుంది. అంటే ముందే పరుగెత్తుతున్న పిల్లకు ఇంకాస్త వేగం. తప్పనను. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు కొన్ని ఈ క్రెడిట్లను అసలు లెక్కలోకి తీసుకోవు కూడా. పై స్థాయి క్లాసులో కూర్చోనిస్తాయి, అంతే. ఏపీ క్లాసులు ఎక్కువగా ఉండేది డబ్బున్న బడుల్లోనేనన్న ఫిర్యాదూ అక్కడ పాతదే.

నన్ను ఆకట్టుకున్నది ఇంకో సంగతి. ఎర్లీ కాలేజీ హైస్కూళ్లని అక్కడ ఒక రకం బడులున్నాయి. ఇంట్లో అంతకుముందు ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లల్ని చేర్చుకుని, హైస్కూలుతోపాటే కాలేజీ చదువూ చెప్పే బడులు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైన చోట లాటరీ తీశారు కాబట్టి, సీటు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్స్ ఫర్ రీసెర్చ్ 2013లో ఇచ్చిన నివేదికలో, అధ్యయనం ముగిసేసరికి ఎర్లీ కాలేజీ పిల్లల్లో 22 శాతం మంది చేతిలో ఏదో ఒక కాలేజీ పట్టా ఉంది. రెండో గుంపులో 2 శాతం మంది చేతిలోనే. ఆ పిల్లల తెలివి మారలేదు, ఇల్లు మారలేదు. కాలేజీతో సంబంధం రెండేళ్లు ముందు కలిసింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో మనకు పనికొచ్చే ముక్క ఇదే. ముందస్తు క్రెడిట్ అసలు విలువ మధ్యలో ఆగిపోయే అవకాశం ఉన్న పిల్లల దగ్గరే తెలుస్తుంది. అలాంటి పిల్లలు మన ఏజెన్సీ మండలాల్లో ఉన్నంతమంది ఇంకెక్కడున్నారు?

ఇక మన ఇంటి లెక్క. ఇంటర్ ఎంపీసీ పిల్లవాడు 1బీలో లిమిట్స్, డెరివేటివ్స్ చేస్తాడు. 2బీలో ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చేస్తాడు. అమెరికాలో ఏపీ కాలిక్యులస్ పేరుతో క్రెడిట్ ఇచ్చే పాఠం దాదాపు ఇదే. మనవాడికి మాత్రం ఆ లెక్కలన్నీ ఎంట్రన్స్ ర్యాంకుగా మారతాయి తప్ప క్రెడిట్‌గా మారవు. బీటెక్ ఫస్టియర్‌లో మ్యాథ్స్ పేపరు మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. ఖమ్మం పట్నంలో హాస్టళ్లలో పొద్దున ఐదింటికి లేపి, రాత్రి పదిన్నరదాకా స్టడీ అవర్ పెట్టి చదివించే ఆ రెండేళ్ల కష్టం యూనివర్సిటీ పుస్తకంలో సున్నా.

అయితే మన దగ్గర ముందస్తు క్రెడిట్ లేదనుకుంటే పొరపాటు. ఉంది, ఎప్పటినుంచో ఉంది. పేరు వేరు, అంతే. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసిన పిల్లవాడు ఈసెట్ రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏట చేరతాడు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022 నిబంధనల్లో బీటెక్‌కు 160 క్రెడిట్లు కావాలి. ఇలా లేటరల్ ఎంట్రీలో వచ్చినవాడు 120 తెచ్చుకుంటే చాలు. మిగతా 40 ఎక్కడివి? పదహారు, పదిహేడేళ్ల వయసులో పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఫైలింగ్ చేస్తూ, డ్రాయింగ్ షీటు మీద టీ స్క్వేర్ జరుపుతూ సంపాదించినవి. ఎవరూ దీన్ని కాలేజీ క్రెడిట్ అనరు. కానీ బయటి దేశాల్లో ఆ పేరుతో పిలిచేది సరిగ్గా దీన్నే. భద్రాచలంలో గిరిజన పిల్లల కోసం ప్రభుత్వ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది. కొత్తగూడెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. అదే కొత్తగూడెంలో సింగరేణి నీడన స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలై, కాకతీయ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కళాశాలగా ఉండి, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయిన క్యాంపస్ ఉంది. మెట్లన్నీ ఒకే జిల్లాలో ఉన్నాయి.

దీనికి కింద ఇంకో మెట్టుంది. ఐటీఐ. బూర్గంపాడు మండలం కృష్ణసాగర్‌లో ఉన్నటువంటి ఐటీఐలో రెండేళ్లు ఫిట్టరో ఎలక్ట్రీషియనో చేసినవాడు ఎల్‌పీసెట్ దారిలో డిప్లొమా రెండో ఏట చేరొచ్చు. లెక్క వేసి చూడండి. పది తర్వాత ఐటీఐ 2, డిప్లొమా 2, బీటెక్ 3, మొత్తం ఏడేళ్లు. ఇంటర్ దారిలో 2, 4, మొత్తం ఆరు. డిప్లొమా దారిలోనూ 3, 3, ఆరే. అంటే అమెరికాలోలా ఇక్కడ ఈ క్రెడిట్లు కాలాన్ని తగ్గించవు. ఐటీఐ నుంచి వచ్చినవాడికి ఒక ఏడాది ఎక్కువే పడుతుంది. కానీ ఏ మెట్టు దగ్గర ఆగినా చేతిలో ఏముందో చూడండి. ఇంటర్ దారిలో బీటెక్ రెండో ఏట మానేసినవాడి దగ్గర ఇంటర్ మెమో తప్ప మరేం లేదు. ఐటీఐ దారిలో ఆ మొదటి మెట్టు దాటాక ఏ ఏడాది మానేసినా చేతిలో ఫిట్టర్ సర్టిఫికెట్ ఉంటుంది. సారపాక పేపర్ మిల్లు, అశ్వాపురం హెవీ వాటర్ ప్లాంటు, మణుగూరు, పాల్వంచ థర్మల్ కేంద్రాలు, సింగరేణి గనులు ఉన్న ప్రాంతంలో ఆ కాగితానికి విలువ ఉంది. తండ్రి మంచాన పడితే, పోడు భూమి గొడవల్లో పడితే, అన్న పెళ్లికి అప్పు చేస్తే చదువు ఆపాల్సొచ్చే ఇళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

ఈ మెట్ల మధ్య ప్రతిచోటా ఒక సెట్ నిలబడి ఉంటుంది. పాలిసెట్, ఎల్‌పీసెట్, ఈసెట్. మెట్టు ఉందని చెప్పేవాడు ప్రతి ఊళ్లో ఉండడు. సెట్ నోటిఫికేషన్ తేదీ దాటిపోయాక చెప్పేవాడు మాత్రం తప్పకుండా ఉంటాడు. పైగా మెట్లన్నీ ఒకే తీరుగా కట్టలేదు. పది తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా చేసి అగ్రిసెట్ రాసినవాళ్లు బీఎస్సీ అగ్రికల్చర్‌లో మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. ఇంటర్ చదివి వచ్చినవాళ్లూ అక్కడే మొదలుపెడతారు కాబట్టి ఏళ్లలో నష్టం లేదు. కానీ రెండేళ్లు నేలల గురించీ తెగుళ్ల గురించీ చదివి, పొలంలో దిగి పనిచేసి వచ్చిన పిల్ల అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో కూర్చుని అదే మట్టి పాఠం మళ్లీ ఓనమాల నుంచి వింటుంది. పక్కన కూర్చున్న బైపీసీ పిల్ల ఆ మట్టిని అప్పుడే చూస్తోంది. ఇద్దరికీ ఒకే క్రెడిట్.

పదో తరగతితోనే యూనివర్సిటీలో పడేసే దారి కూడా మనకొకటుంది. 2008లో ఏర్పడిన ఆర్‌జీయూకేటీ. జనం నోట "ట్రిపుల్ ఐటీ". నూజివీడు, ఇడుపులపాయ, బాసర, మూడు చోట్లా మొదటి ఏడాదే రెండేసి వేల సీట్లు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ఎప్పుడో పోయిన పీయూసీ అన్న మాటను మళ్లీ తెచ్చింది వీళ్లే. అంతకంటే ముఖ్యమైనది, ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివిన పిల్లల గ్రేడ్ పాయింట్‌కు 0.4 కలిపిన పద్ధతి. ఊరి బడి నుంచి వచ్చినవాడి ర్యాంకు వెనక ఎంత బరువుందో లెక్కలోకి తీసుకున్న ప్రవేశ పద్ధతులు మన రాష్ట్రాల్లో అరుదు. బాసరా భద్రాచలమూ ఒకే గోదావరి మీద ఉన్నాయి, కానీ బస్సులో అటు నుంచి ఇటు దాదాపు ఐదొందల కిలోమీటర్లు. పదిహేనేళ్ల కోయ పిల్లను, ఇంట్లో కోయ మాట, బళ్లో తెలుగు, అక్కడ ఇంగ్లీషు, అంత దూరం పంపాలంటే తల్లిదండ్రులకు ధైర్యం చాలదు. పోయినవాళ్లు పోయారు, బాగుపడ్డారు కూడా. కానీ అది ఊరికి ఒక్కరికి దొరికే దారి. నేను అడుగుతున్నది మిగతావాళ్ల గురించి.

అసలు చదువు మెట్లే లేకుండా నేరుగా పైకి ఎక్కించిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. 1982లో హైదరాబాద్‌లో పుట్టిన ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ లేకపోయినా 18 ఏళ్లు నిండితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలును చాలా ఏళ్లపాటు ఇచ్చింది. ఆ దారిలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న అంగన్‌వాడీ టీచర్లు, కండక్టర్లు, సింగరేణి కార్మికులు మన చుట్టుపక్కల ఉన్నారు. చదువుకు వయసూ వరసా తప్పినా పర్వాలేదని తెలుగువాళ్లకు ఎవరో కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఢిల్లీ నుంచి వచ్చిన కొత్త పుస్తకం. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు నిబంధనలు తెచ్చింది. బ్యాంకు ఖాతాలో డబ్బు వేసుకున్నట్టు క్రెడిట్లు వేసుకోవచ్చు, ఏడేళ్లదాకా చెల్లుతాయి. 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ వచ్చి స్కూలు చదువును కూడా ఇందులోకి లాగింది. ఏడాదికి 1200 గంటల చదువు, 40 క్రెడిట్లు. అంటే 30 గంటలకు ఒక క్రెడిట్. సీబీఎస్ఈ 2024-25లో 6, 9, 11 తరగతుల్లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టేందుకు బడులను పిలిచింది. ఏజెన్సీలోని ఏకలవ్య గురుకులాలు సీబీఎస్ఈ కిందివే కాబట్టి, రేపో మాపో ఈ మాట అక్కడి పిల్లల చెవినా పడుతుంది.

చెవిన పడ్డప్పుడు ఒక సంగతి వాళ్లకు సరిగ్గా చెప్పాలి. ఆ ఫ్రేమ్‌వర్క్‌లో చదువును అంతస్తులుగా పేర్చారు. పదో తరగతి 3, పన్నెండు 4, డిగ్రీ మొదటి ఏడాది 4.5, రెండో ఏడాది 5. స్కూల్లో వచ్చిన 40 క్రెడిట్లు 4వ అంతస్తువి. వాటిని 4.5లో చెల్లించలేం. బస్సు టికెట్లు ఎన్ని ఉన్నా విమానం ఎక్కనివ్వనట్టన్నమాట. స్కూలు పిల్లకు క్రెడిట్లు వస్తాయంటే డిగ్రీలో కొంత తగ్గుతుందనుకుని సంబరపడేవాళ్లు ఈ ముక్క గమనించాలి. మద్రాసు ఐఐటీ 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ కాస్త ముందుకొచ్చింది. ఏ గ్రూపువాళ్లయినా సరే, పదకొండు పూర్తయితే దరఖాస్తు పెట్టి క్వాలిఫయర్ రాయొచ్చు. కానీ 32 క్రెడిట్ల ఫౌండేషన్‌లో అడుగు పెట్టేది పన్నెండు అయ్యాకే. ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఫీజులో 75 శాతం దాకా రాయితీ ఉంది; ఇంటర్ లెక్చరర్లకు ఇది తెలిసి ఉండాలి. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చంది. ఇంటర్ చదువుతూ డిగ్రీ పాఠం ఒకటి చదవొచ్చని మాత్రం నాకు తెలిసి ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. రెండు పెద్ద పట్టాలను ఒకేసారి మోయనిచ్చి, ఒక చిన్న పాఠాన్ని ముందు మోయొద్దనడం నాకైతే అర్థం కాదు.

ఈ ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2014లో పోలవరం ప్రాజెక్టు పేరుతో ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది. పట్నానికి ఆనుకున్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి ఊళ్లు అటు పోయాయి. భద్రాచలం కాలేజీ గంట కొడితే వినబడే దూరంలో ఉన్న పిల్ల ఇంకో రాష్ట్రపు పిల్ల. ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. ఆ పిల్లకు బోర్డు వేరు, పాలిసెట్ వేరు, ట్రిపుల్ ఐటీ వేరు, లోకల్ నాన్ లోకల్ తకరారు సరేసరి. క్రెడిట్ బ్యాంకులో మంచి ఒకటి ఏమిటంటే, దానికి రాష్ట్ర సరిహద్దు లేదు. ఎటపాక పిల్ల ఖాతాలో పడ్డ క్రెడిట్ గోదావరికి ఏ ఒడ్డునైనా క్రెడిట్టే.

ఒక రోజు కళ్లారా చూసింది చెబుతాను. జూన్ నెల. భద్రాచలం బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో పెన్షన్ కాగితాలు జిరాక్స్ తీయించుకుంటున్నాను. దుమ్ముగూడెం వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. పాలిథిన్ కవర్లో మెమో, టీసీ, కుల సర్టిఫికెట్, ఆధార్, నాలుగు ఫొటోలు. డిగ్రీకి దోస్త్ దరఖాస్తు పెట్టాలి. కంప్యూటర్ ముందు కుర్రాడు అడిగాడు.

"గ్రూపేంటి చెల్లే?"

"ఎంఎల్‌టీ అన్నా. ఒకేషనల్."

"బ్రిడ్జి కోర్సు రాసినవా?"

పిల్ల తల్లి వైపు చూసింది. "అదేంటిదన్నా?"

కుర్రాడు మౌస్ వదిలేసి నా వైపు తిరిగాడు, పంతులుని కాబట్టి నేనేదో చేస్తానన్నట్టు. మెమో తీసి చూశాను. ఒకేషనల్ చదివినవాళ్లు సైన్సు డిగ్రీకి పోవాలంటే ఆ గ్రూపుకు తగ్గ సబ్జెక్టులు అదనంగా బ్రిడ్జి కోర్సు పేరుతో రాయాలి. మెమోలో ఆ వరస ఖాళీగా ఉంది.

"కాలేజీలో చెప్పలేదా అమ్మా?"

"ఏదో ఫీజు కట్టమన్నరు సార్. ఎందుకని అడిగితే కావాలంటే కట్టండి అన్నరు. మేం కట్టలే."

తల్లి అంతసేపూ నిలబడే ఉంది. "ఇప్పుడు మా పిల్ల చదివింది చెల్లదా సార్?" అని అడిగింది.

ఎంఎల్‌టీ అంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. ఆ పిల్ల రెండేళ్లలో నేర్చుకున్నదేమిటో అడిగాను. వేలి నుంచి రక్తం తీసి గాజు పలక మీద పూత వేయడం, రంగు అద్దడం, మైక్రోస్కోపు కింద మలేరియా పురుగును పట్టడం, హిమోగ్లోబిన్ చూడటం. ప్రాక్టికల్‌కు ఆసుపత్రికి పంపినప్పుడు రోజుకు ఇన్ని పలకలు చూశానని వేళ్ల మీద లెక్క చెప్పింది. వానాకాలం వస్తే జ్వరాల ఏజెన్సీ అది. ఆ పనికి విలువ తెలియనివాళ్లు అక్కడ ఎవరూ లేరు. బీఎస్సీ మైక్రోబయాలజీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో పిల్లలు తడబడుతూ చేసే పని అది. ఆ పిల్ల చివరికి బీఏ ఆప్షన్లు పెట్టుకుని పోయింది. రక్తం పలక చదవగలిగిన చేతికి ఒక్క క్రెడిట్ లేదు. ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీ పేరు ఇక్కడ చెప్పను. అలాంటివి ఒకటా రెండా. కావాలంటే కట్టండి అన్న ఆ రెండు మాటల్లోనే ఒక పిల్ల దారి మళ్లిపోతుందని ఆ గుమాస్తాకు తెలిసి ఉండకపోవచ్చు.

సెంటర్ బయటికొచ్చి టీ తాగుతూ క్యాలెండర్ లెక్క వేసుకున్నాను. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. డిగ్రీ క్లాసులు పట్టాలెక్కేసరికి జూన్ ఆఖరో జూలైయో. మధ్యలో మూడు నెలలు. పట్నం పిల్లకు అది ఎంట్రన్స్ కోచింగ్ కాలం. అడవి అంచు పిల్లకు మార్చిలో మిర్చి ఏరుడు, ఇప్పపువ్వు, ఏప్రిల్ నుంచి తునికాకు. యాభై ఆకుల కట్ట కట్టి సాయంత్రానికి కల్లం దగ్గర లెక్క అప్పజెప్పాలి. చేతికి డబ్బు కనబడుతుంది, ఇంట్లో అవసరం కనబడుతుంది, కాలేజీ మాత్రం కనబడదు. పరీక్ష రాసినప్పుడు ఉన్న విద్యార్థి జూలైలో ఉండదు. ఫెయిలై పోయింది కాదు, పాసయ్యే పోయింది. అంత ధనికదేశం అమెరికాలోనే, కాలేజీ సీటు వచ్చిన పేద పిల్లలు కొందరు ఈ వేసవిలోనే జారిపోతారనీ, దానికి "సమ్మర్ మెల్ట్" అని పేరు పెట్టారనీ చదివినప్పుడు నాకు మన తునికాకు కల్లాలే గుర్తొచ్చాయి. మంచు కరిగినట్టు కరిగిపోతారట. మన దగ్గర మంచు లేదు, ఆకు ఎండినట్టు ఎండిపోతారు.

అందుకే ముందస్తు క్రెడిట్‌ను నేను ఆదా కింద చూడను. ఆ మూడు నెలలు పిల్లను కాలేజీకి కట్టి ఉంచే తాడు అది. మార్చిలో మెమో రాకముందే డిగ్రీ కాలేజీలో ఆమె పేరు మీద ఒక ఖాతా, ఆ ఖాతాలో రెండు క్రెడిట్లు ఉంటే, జూన్‌లో అడగాల్సిన ప్రశ్న మారుతుంది. "చేరుతుందా" అని కాకుండా "ఎప్పుడొస్తుంది" అని అడుగుతారు.

రెండు క్రెడిట్లు అని ఊరికే అనలేదు. ఇంటర్ ఫస్టియర్‌లో పిల్లలంతా పర్యావరణ విద్య పేపరు రాసి పాసవ్వాల్సిందే. డిగ్రీలో చేరాక మళ్లీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఉంటుంది, 2 క్రెడిట్లు.  అడవిలో పుట్టి పెరిగిన పిల్లకు అడవి అంటే ఏమిటో రెండుసార్లు నిర్వచనం రాయించే చదువు మనది. దాన్ని ఒక్కసారే, కాస్త బాగా, డిగ్రీ స్థాయిలో చెప్పి, ఇంటర్ సెకండియర్‌లోనే ఆ 2 క్రెడిట్లు ఇచ్చేస్తే నష్టపోయేదెవరు? జాతీయ లెక్క ప్రకారమే అయినా అది 60 గంటల పని. భద్రాచలంలో ప్రభుత్వ జూనియర్ కళాశాలా ఉంది, ప్రభుత్వ డిగ్రీ కళాశాలా ఉంది. ఒకే ఊరు. డిగ్రీ లెక్చరర్ వారానికి ఒక పూట జూనియర్ కాలేజీకి వెళ్లాలి, లేదా ఇంటర్ పిల్లలే ఇటు నడిచి రావాలి. రెండోదే మేలంటాను. డిగ్రీ కాలేజీ ల్యాబు, లైబ్రరీ, గేటు దగ్గర గుల్మొహర్ చెట్టు ఒకసారి చూసిన పిల్లకు అక్కడికి తిరిగి రావడానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

దీనికి అడ్డంకులు తెలియక చెప్పడం లేదు. లెక్చరర్ పోస్టులు ఖాళీ, గెస్టు ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నారు. ఇంటర్ బోర్డుకూ యూనివర్సిటీకీ మధ్య ఫైలు కదలాలి, రెండు చోట్లా కమిటీలు కూర్చోవాలి. చదువు చెప్పకుండానే హాజరు పట్టీలో టిక్కులు పెట్టి క్రెడిట్లు పంచే ప్రమాదమూ ఉంది. పరీక్ష కాకతీయ యూనివర్సిటీదే అయితే ఆ భయం కొంత తగ్గుతుంది. అన్నిటికంటే పెద్ద భయం నాకు ఇంకోటుంది. ఈ మాట ఖమ్మం, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల చెవిన పడితే రేపు పొద్దున్నే హోర్డింగులు లేస్తాయి: ఇంటర్‌తోనే డిగ్రీ క్రెడిట్లు, సీట్లు పరిమితం, ఫీజు ఇంత. అందుకే మొదట ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ, గిరిజన గురుకులాల్లోనూ మాత్రమే మొదలుపెట్టాలి. ఒకేషనల్ పిల్లల ప్రాక్టికల్ గంటలకు ముందు లెక్క కట్టాలి. బ్రిడ్జి కోర్సు రాయనవసరం లేదంటే సంతకం పెట్టించుకునే పద్ధతి ఇప్పటికిప్పుడే రావాలి; దానికి ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

కాకతీయ విశ్వవిద్యాలయం పెద్దలకూ, ఇంటర్ బోర్డు పెద్దలకూ, భద్రాచలం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికీ నా మనవి ఇంతే. 160లో 40 క్రెడిట్లు డిప్లొమా పిల్లకు ఇస్తున్నాం, ఆకాశం విరిగి పడలేదు. ఇంటర్ పిల్లకు రెండు ఇచ్చి చూడండి. వచ్చే తునికాకు సీజన్‌కు ముందే ఆ రెండూ ఆమె ఖాతాలో పడేలా చూడండి.